త్రీ ఫేజ్ కరెంటు రాగానే గేట్‌వే పడిపోతోంది: కోరొటీన్‌ను ఇద్దరు లేపకుండా ఎట్లా ఆపాలి?

క్లాక్‌టవర్_అనంతపురం

అందరికీ నమస్కారం. బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెల నుంచి సిమ్ మోడెం ద్వారా వచ్చే రీడింగులు తీసుకునే గేట్‌వేను సి++20 కోరొటీన్లతో (మధ్యలో ఆగి, లేపితే ఆగినచోటి నుంచే మళ్లీ నడిచే ఫంక్షన్లు) రాశాం. ఏ సాకెట్‌కు డేటా వచ్చిందో కాచుకునే ఎపోల్ లూప్ ఒక థ్రెడ్‌లో ఉంటుంది, దాని వెనక నాలుగు వర్కర్ థ్రెడ్లు. రోజంతా బాగానే నడుస్తుంది. పొలాలకు త్రీ ఫేజ్ వదలగానే ఆ ఫీడర్ మీదున్న పెట్టెలన్నీ ఒక్కసారే కనెక్ట్ అవుతాయి, సరిగ్గా అప్పుడే సెగ్‌ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రాం పడిపోతుంది. కోర్ డంప్ (పడిపోయిన క్షణంలోని మెమరీ నకలు) తెరిస్తే ప్రతిసారీ కోరొటీన్‌ను లేపే రెజ్యూమ్ లోపలే చచ్చి ఉంటుంది, కోరొటీన్ వేరియబుల్స్ ఉండే ఫ్రేమ్‌లో అడ్రసులన్నీ చెత్త.

పెట్టెకో కోరొటీన్. అది ప్రశ్న పంపి కో-అవెయిట్ దగ్గర ఆగుతుంది. జవాబు వస్తే వర్కర్ రెజ్యూమ్ చేస్తుంది, ఐదు సెకన్లలో రాకపోతే ఎపోల్ లూప్‌లోని టైమర్ చేస్తుంది. రెండు చోట్లా రెజ్యూమ్‌కు ముందు డన్ అయిందా (పూర్తయిందా) అని చూస్తున్నాం, అయినా ఆగడం లేదు. మోటారు ఆన్ అయిందో లేదో రైతులు ఫోన్లో చూసుకునేది ఆ టైంలోనే, అందుకే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ లాక్ పెట్టాలి?

బురుజు_కర్నూలు

లాక్ సంగతి తర్వాత తమ్ముడూ. ఒకే కోరొటీన్ హ్యాండిల్‌ను (దాన్ని లేపడానికి వాడే పాయింటర్) లేపే హక్కు ఇద్దరికిచ్చారు, జబ్బు అక్కడుంది. మామూలప్పుడు జవాబు చాలా ముందే వస్తుంది కాబట్టి టైమర్‌కు పని పడదు. కరెంటు వచ్చాక క్యూ పెరుగుతుంది, జవాబులు జరిగి జరిగి ఐదో సెకను అంచుకు వస్తాయి, అప్పుడు ఇద్దరూ దాదాపు ఒకే క్షణంలో తలుపు కొడతారు. మొదటివాడు లేపిన కోరొటీన్ పని ముగించుకుని ఫ్రేమ్ కూడా వదిలేసి పోతుంది, రెండోవాడి చేతిలో మిగిలేది ఖాళీ అయిన మెమరీ అడ్రసు.

డన్ చూడటం వల్ల ఏమీ ఒరగదు. ఆగి ఉన్న కోరొటీన్‌నే డన్ అయిందా అని అడగాలి, రెజ్యూమ్ కూడా అంతే. నడుస్తున్నదాని మీద రెండూ అన్‌డిఫైన్డ్ బిహేవియర్, ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు. పైగా చూడటానికీ లేపడానికీ మధ్య సందు ఉండనే ఉంది.

ఫాల్స్‌తో మొదలయ్యే ఒక అటామిక్ బూలియన్ (ఎన్ని థ్రెడ్లు తాకినా చెడని ట్రూ/ఫాల్స్ విలువ) పెట్టండి. వర్కరైనా టైమరైనా ముందు దాని మీద ఎక్స్ఛేంజ్ చేయాలి, అంటే ట్రూ రాసి పాత విలువను ఒకే అడుగులో తీసుకోవాలి. పాత విలువ ఫాల్స్ అని వచ్చినవాడే ఫలితం రాసి లేపుతాడు, ట్రూ అని వచ్చినవాడు హ్యాండిల్‌ను తాకకుండా వెనక్కి పోతాడు. ఆ బూలియన్‌ను మాత్రం అవెయిటర్‌లో (కో-అవెయిట్ ఎట్లా ఆగాలో చెప్పే ఆబ్జెక్ట్) పెట్టొద్దు. అవెయిటర్ ఉండేది కోరొటీన్ ఫ్రేమ్‌లోనే, ఓడినవాడు వచ్చేసరికి అది ఉండకపోవచ్చు. షేర్డ్ పాయింటర్ (చివరి కాపీ పోయేదాకా మెమరీని ఉంచేది) వెనక విడిగా ఉంచి, ఇద్దరికీ తలా ఒక కాపీ ఇవ్వండి.

అవెయిటర్‌లోని అవెయిట్-సస్పెండ్ (కోరొటీన్ ఆగగానే నడిచే ఫంక్షన్) కూడా ఒకసారి చూసుకో. హ్యాండిల్‌ను వేరే థ్రెడ్‌కు అప్పగించాక, ఆ ఫంక్షన్ ఇంకా ముగియకముందే అవతల కోరొటీన్ లేచి పూర్తయిపోవచ్చు. కాబట్టి అప్పగించిన తర్వాతి లైన్ నుంచి దిస్ పాయింటర్ (అవెయిటర్ అడ్రసు) లేనట్టే లెక్క. లాగ్ రాయాలన్నా, కౌంటర్ పెంచాలన్నా, రెండోవాడికి అప్పగించాలన్నా కావలసినవన్నీ ముందే లోకల్ వేరియబుల్స్‌లోకి తీసుకోవాలి.

గండికోట_కడప

బురుజన్న చెప్పింది సరే. కానీ అసలు నాలుగు థ్రెడ్లు ఒకే కోరొటీన్‌ను తాకే ఏర్పాటే నాకు నచ్చదు. ప్రతి పెట్టెకూ ఒక సొంత లూప్ కేటాయించండి. ఎవరు లేపాలనుకున్నా నేరుగా రెజ్యూమ్ చేయకూడదు, ఆ లూప్ క్యూలో వేసి పోవాలి. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూలో డిస్క్ ఐఓ కోరొటీన్లు ఇట్లాగే నడుస్తాయి, లేపినప్పుడు కోరొటీన్ తన సొంత కాంటెక్స్ట్‌లోనే (తన లూప్‌లోనే) లేస్తుంది. అక్కడ నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. కోరొటీన్‌ను షెడ్యూల్ చేసేటప్పుడు, చేస్తున్న ఫంక్షన్ పేరును కంపేర్ ఎక్స్ఛేంజ్‌తో (ఖాళీగా ఉంటేనే రాసే అటామిక్ పని) దానిమీద రాస్తారు. అప్పటికే ఒక పేరు ఉందంటే, ఇది ఫలానా చోట ముందే షెడ్యూల్ అయిందని ఆ పేరుతో సహా ప్రింట్ చేసి ప్రోగ్రాంను అక్కడే అబార్ట్ చేస్తారు (ఆపేస్తారు). దోషి ఎవరో అక్కడికక్కడే తెలుస్తుంది, మూడు ఫంక్షన్ల తర్వాత చెత్త అడ్రసు చూసి జుట్టు పీక్కోవలసిన పని లేదు.

మీరూ రెజ్యూమ్‌ను ఒకే ఒక్క ఫంక్షన్ గుండా పిలవండి. కోడ్‌లో ఇంకెక్కడ రెజ్యూమ్ కనపడినా రివ్యూలో తిప్పి పంపండి.

బురుజు_కర్నూలు

సొంత లూప్‌కు నేనూ ఒప్పుకుంటా. అయితే దాంతో అటామిక్ అక్కరలేకపోవచ్చు గానీ ఆ చెక్ మాత్రం పోదు గండికోటా. ఎపోల్-వెయిట్ ఒకే పిలుపులో సాకెట్ ఈవెంటూ టైమర్ ఈవెంటూ రెండూ తేవచ్చు. మొదటిదాన్ని చూసి కోరొటీన్‌ను లేపి, టైమర్‌ను రద్దు చేశావనుకో, చేతిలో ఉన్న అర్రేలో ఆ టైమర్ ఈవెంట్ ఇంకా అట్లాగే ఉంటుంది. తర్వాతి చుట్టులో దాన్నీ లేపుతావు. ఒక్క థ్రెడ్డే కదా, రేస్ (ఇద్దరు పోటీపడి తాకడం) ఎక్కడిది అనుకునేవాళ్లు పడేది ఇక్కడే.

వేరుశనగ_బైట్

ఎవరూ టెస్టుల మాట ఎత్తలేదు. థ్రెడ్ల మధ్య రేసులు పట్టే థ్రెడ్ శానిటైజర్ వేయండి, కానీ దాంతో ప్రోగ్రాం 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి మీ ఐదు సెకన్ల టైమర్ లెక్కలన్నీ మారిపోతాయి. వదిలేసిన ఫ్రేమ్‌ను తాకడం పట్టుకోవాలంటే అడ్రస్ శానిటైజర్ కావాలి, రెండూ ఒకే బిల్డ్‌లో కుదరవు.

వీటికంటే నాకు నమ్మకం ఉన్న పద్ధతి వేరే ఉంది. టెస్టు కోసం ఒక నకిలీ షెడ్యూలర్ రాయండి. ఒకే థ్రెడ్, గడియారం మీ చేతిలో. సిద్ధంగా ఉన్న పనుల్లో తర్వాత దేన్ని నడపాలో ర్యాండమ్‌గా ఎంచాలి, ఆ ర్యాండమ్ సీడ్‌ను (ఆ ఎంపికలన్నీ మొదలయ్యే సంఖ్య) ప్రింట్ చేయాలి. జవాబునూ టైమర్‌నూ ఒకే క్షణానికి పెట్టి వేల సీడ్లతో తిప్పండి. ఒక సీడ్ దగ్గర పడిపోయిందంటే అదే సీడ్ మళ్లీ ఇస్తే మళ్లీ అక్కడే పడుతుంది, ఫీడర్‌కు కరెంటు వచ్చేదాకా కాచుకోనక్కరలేదు. రెండు థ్రెడ్లు ఒకే మెమరీని ఒకేసారి తాకే రేసులు దీనికి చిక్కవు, వాటికి శానిటైజర్ ఉండాల్సిందే.

క్లాక్‌టవర్_అనంతపురం

గండికోటన్న చెప్పినట్టు పేరు రాసి అబార్ట్ చేసే చెక్ పెట్టాను. సాయంత్రానికే పట్టుబడింది: టైమర్ షెడ్యూల్ చేసినదాన్నే జవాబు చదివే ఫంక్షన్ మళ్లీ షెడ్యూల్ చేస్తోంది. షేర్డ్ పాయింటర్ మార్పు రాస్తున్నాను. ఇంకో అనుమానం: పెట్టెల పట్టికకు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే రానిచ్చే లాక్) ఉంది, దాన్ని వదలకుండానే ఒక చోట కో-అవెయిట్ చేస్తున్నాం. ఇప్పటిదాకా ఇబ్బంది ఏమీ కనపడలేదు. వదిలేయొచ్చా?

బురుజు_కర్నూలు

వదలొద్దు. ఒక థ్రెడ్ మీద లాక్ పట్టిన కోరొటీన్ ఇంకో థ్రెడ్ మీద లేచి అన్‌లాక్ చేస్తే స్టాండర్డ్ మ్యూటెక్స్‌కు అదీ అన్‌డిఫైన్డే. అదే థ్రెడ్ మీద లేచినా, ఈలోపు ఆ థ్రెడ్‌కు వచ్చిన ఇంకో కోరొటీన్ అదే లాక్ అడిగితే థ్రెడ్ మొత్తం అక్కడే నిలిచిపోతుంది. సి++ కోర్ గైడ్‌లైన్స్‌లో (సి++ ఎట్లా రాయాలో చెప్పే నియమాల జాబితా) సీపీ.52 నియమం ఇదే. పట్టికలో కావలసింది కాపీ చేసుకో, లాక్ వదులు, అప్పుడు కో-అవెయిట్ చెయ్. లేచాక మళ్లీ లాక్ తీసుకుని ఆ పెట్టె పట్టికలో ఇంకా ఉందో లేదో చూసుకో, మోడెం ఈలోపు తెగిపోయి ఉండొచ్చు.