షాపులో ఖరీదైన హెడ్‌ఫోన్లు విని చూడటం ఎలా?

కొత్త చెవులు: వచ్చే వారం ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నా. అక్కడి ఎలక్ట్రానిక్స్ షాపుల అడ్డా అకిహబరాలో సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ రెండూ విని, వాటిలో ఒకటి కొందామని. అక్కడ అసలు ఏం గమనించాలి?

ఓమ్ శాంతి: ముందు రెండిటి వాల్యూమ్ సమానం చేసుకోండి బ్రో, మిగతావన్నీ తర్వాత. కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. 800 ఎస్ ఇంపీడెన్స్ (కరెంటుకి ఇచ్చే అడ్డు) 300 ఓమ్‌లు, ఎల్‌సీడీ-ఎక్స్‌ది 20 ఓమ్‌లే, కాబట్టి వాల్యూమ్ నాబ్ కదపకుండా ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటే ఆడిజీ మోత మోగిపోతుంది, ఆహా ఇదే అనుకుని కార్డు గీకేస్తారు.

మృదంగం ఫ్యాన్: రెండూ ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనకవైపు తెరిచి ఉండేవి) కదా, షాపులో గోలంతా లోపలికొస్తుంది. శని, ఆదివారాలు వద్దు, వీలైతే పొద్దున్నే వెళ్ళండి. బేస్ తక్కువైందని అక్కడికక్కడే తేల్చేయకండి, రద్దీలో ముందు మునిగిపోయేది అదే. షాపువాళ్ళ డెమో ట్రాకులు దేంట్లోనైనా బాగానే ఉంటాయి (అందుకే పెడతారు), మీకు కంఠతా వచ్చిన పాటలు డౌన్‌లోడ్ చేసుకెళ్ళండి.

కొత్త చెవులు: థాంక్స్ అండీ. ఫోన్‌కి డాంగిల్ (హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్) పెట్టి వింటే సరిపోదా?

ఓమ్ శాంతి: ఇంట్లో దేంతో వింటారో దాన్నే తీసుకెళ్ళండి. డాంగిలే అయితే 800 ఎస్‌ని దాంతోనే పరీక్షించండి, షాపువాళ్ళ లక్షల ఆంప్లిఫయర్ మీ ఇంటికి రాదుగా.

మెడనొప్పి: బరువు సంగతి ఎవరూ చెప్పరేం? ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు, 800 ఎస్ 330. ఐదు నిమిషాల్లో తేడా తెలీదు, అరగంట తల మీద ఉంచుకోండి. కళ్ళజోడుంటే అది కూడా పెట్టుకునే.