గల్లంతు: యుద్ధ వార్తల్లో ఈ మాట వాడవచ్చా?

గుంపులో అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను.

మొన్న ఆదివారం మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు ఉక్రెయిన్ యుద్ధం గురించి గట్టిగా వాదించుకున్నారు. "ఎంతమంది పోయారో రెండు దేశాలూ దాస్తున్నాయి, గల్లంతైనవాళ్లను కూడా కలిపితే అసలు లెక్క బయటపడుతుంది" అని ఒకాయన. "శవం కనబడకుండా చచ్చాడని ఎలా రాస్తావయ్యా, ఆ తల్లి వింటే ఏమైపోతుంది" అని రెండో ఆయన. వాదన తేలలేదు. నాకు మాత్రం ఆ 'గల్లంతు' మాట ఇంటికొచ్చాక కూడా మనసులోంచి పోలేదు.

మన వైపు ఈ మాట కృష్ణానదితో ముడిపడింది. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడ్డప్పుడు గల్లంతైనవాళ్ల సంఖ్య తగ్గుతుంటే మృతుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. నది ఎక్కడో ఒకచోట మనిషిని ఒడ్డుకు చేరుస్తుంది. ఇంటివాళ్లు ఏడుస్తారు, కర్మ చేస్తారు. అందుకే మన చెవికి గల్లంతు అంటే ఒకటి రెండు రోజుల్లో తేలిపోయే సంగతి. యుద్ధంలో అది ఏళ్ల తరబడి తేలదు.

మా నాయనమ్మ ఈ మాటను గోల, గందరగోళం అనే అర్థంలోనే వాడేది. పెళ్లివారి గల్లంతులో చెంబు ఎక్కడ పెట్టానో అనేది. ఇప్పుడు ఓట్లు గల్లంతు, ఫైళ్లు గల్లంతు అంటున్నాం. ఫైలుకు వాడే మాటనే ముందు వరుసలోకి పంపిన మనిషికీ వాడితే, తనంతట తానే ఎక్కడో తప్పిపోయినట్టుంది. పంపినవాడు ఆ వాక్యంలో ఎక్కడా లేడు.

2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క చూడండి. రష్యా సైన్యంలో చేరినట్టు తెలిసిన భారతీయులు 126 మంది. వాళ్లలో 12 మంది చనిపోయారు, 16 మంది జాడ తెలియడం లేదని రష్యా చెప్పింది. హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్లినవాళ్లూ ఇందులో ఉన్నారు. ఆ 16 మందిని గల్లంతైనవారు అని రాయడానికి నాకు చెయ్యి రాదు. 'ఆచూకీ తెలియనివారు' అందాం. అందులో కనీసం ఎవరో ఒకరు వెతుకుతున్నట్టుంటుంది. మీరేమంటారు?

వ్యాఖ్య (విజయవాడ, సత్యనారాయణపురం):
అమ్మా, మంచి చర్చ. భారతంలో దీనికి మాట ఉంది. స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు ఎంతమంది పోయారని అడిగితే, సంస్కృత మూలంలో ధర్మరాజు 166 కోట్ల 20 వేలమంది అంటాడు. తర్వాత 'అలక్ష్యులు' 24,165 మంది అని విడిగా చెబుతాడు. కనబడనివారు అని. తప్పించుకుపోయినవారు అని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు.

వ్యాఖ్య (తెనాలి):
మాస్టారూ, ఆ లెక్క ఎలా నమ్ముతాం? అక్షౌహిణి అంటే రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. పద్దెనిమిది అక్షౌహిణులు కలిపినా 39,36,600. 166 కోట్లు ఎక్కడివి?

నా జవాబు:
తమ్ముడూ, నీ లెక్క కాదనను. రెండు సంఖ్యలూ ఒకే గ్రంథంలో ఉన్నాయి, కుదరవు. నన్ను పట్టుకున్నది ఆ 24,165. గెలిచిన రాజు అంత శోకంలోనూ కనబడనివాళ్లను చనిపోయినవాళ్లలో కలపలేదు, అలాగని వదిలెయ్యలేదు. ఆ వెంటనే దిక్కులేనివాళ్లకు కూడా సంస్కారాలు జరగాలని విదురుడికీ సంజయుడికీ పురమాయిస్తాడు. ఇప్పటివాళ్లను చూడు. తన సైనికులు 5,937 మంది చనిపోయారని రష్యా 2022 సెప్టెంబరులో చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తమ సైనికులు 46,000 మందికి పైగా చనిపోయారన్నారు, ఆచూకీ తెలియనివాళ్లు ఇంకా పదుల వేలమంది అన్నారు. పదుల వేలు! ధర్మరాజు చివరి ఐదుగురి దాకా చెప్పాడు.

వ్యాఖ్య (విజయవాడ, కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను):
చట్టం సంగతి చెబుతాను. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి గురించి తెలియాల్సినవాళ్లకు 7 ఏళ్లపాటు కబురు లేకపోతే, అతను బతికే ఉన్నాడనేవాళ్లే రుజువు చేసుకోవాలి. ఈ 7 ఏళ్లు దాటలేక కాగితాలు పట్టుకుని తిరిగే ఆడవాళ్లను చాలామందిని చూశాను. బొట్టు పెట్టుకోవాలో మానాలో కూడా చుట్టాలే తేల్చేవాళ్లు. మీ మాటలో గాని, గల్లంతులో గాని ఆ టెన్షన్ పట్టదండీ.

వ్యాఖ్య (మంగళగిరి):
ఎక్కడో యుద్ధం. పేపరువాడు ఏ మాట రాస్తే మనకేం?

నా జవాబు:
బాబూ, 2022 మార్చిలో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివే మా పక్కింటి పిల్ల గన్నవరంలో దిగేదాకా వాళ్లమ్మ అన్నం ముట్టలేదు. ఫోను కలవని రెండు రోజులూ ఆవిడ దగ్గర ఎవరైనా గల్లంతు అనే మాట అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రెండు రోజులు రెండేళ్లయినవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లకూ మనం వాడే మాట అదే కదా.

కోర్టు గుమస్తా గారూ, మీరన్నది నిజం. మా నాయనమ్మ తమ్ముడు పట్టాళంలో చేరి బర్మా వెళ్లాడు. ఆవిడ చివరిదాకా 'పోయాడు' అనలేదు, 'తప్పిపోయాడు' అనలేదు. ఎవరడిగినా "వాడింకా రాలేదు" అనేది.

వ్యాఖ్య (విజయవాడ, పత్రికలో సబ్ ఎడిటర్‌ని):
అక్కా, మా ఇబ్బంది చెబుతాను. సింగిల్ కాలం హెడ్డింగులో 'గల్లంతు' ఇమిడిపోతుంది. 'ఆచూకీ తెలియనివారు' పట్టదు. వార్తలోపల మార్చడం నా చేతిలో పని, ఇవాళ్టి నుంచే మారుస్తాను. హెడ్డింగుకు చిన్న మాట ఏదైనా చెప్పండి.

నా జవాబు:
'జాడ లేదు' పడుతుందేమో చూడు తమ్ముడూ. నాలుగు అక్షరాలే.