టర్బో కారులో 87 పోయించారని ట్యాంకు తోడించకండి

నమస్కారం. అమెరికాలో మీ టర్బో కారులో ప్రీమియం (91 ఆక్టేన్) బదులు పొరపాటున రెగ్యులర్ (87 ఆక్టేన్) పెట్రోలు పోయించానని, రేపు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి వెళ్లి అదంతా తీయించేస్తానని రాశారు కాబట్టి వెంటనే జవాబిస్తున్నాను. ఆ పని చేయకండి, అవసరం లేదు.

ఆక్టేన్ అంకె పెట్రోలు బలాన్ని చెప్పదు. ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి ఎక్కువ. ఆక్టేన్ తక్కువైతే, స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరేలోపే మిగిలిన పెట్రోలు భగ్గుమంటుంది. అదే నాకింగ్. డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. ఇప్పటి కార్లలో నాక్ సెన్సర్ దీన్ని పసిగడుతుంది, కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. దానివల్ల పికప్, మైలేజీ తగ్గుతాయి కానీ ఒక్క ట్యాంకుతో ఇంజిన్ పాడైపోదు.

ప్రస్తుతానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి. నిండా మనుషులనూ సామానునూ ఎక్కించుకుని కొండదారి పట్టకండి. కొంత పెట్రోలు ఖర్చు కాగానే పైన ప్రీమియం పోయించండి. సగం 87, సగం 91 కలిస్తే దాదాపు 89 అవుతుంది. మెల్లగా నడిపినా చప్పుడు ఆగకపోతే, లేదా చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం కారు పక్కకు ఆపి మెకానిక్‌ను పిలవండి.

తీరిక చేసుకుని కారు మాన్యువల్ చూడండి. ప్రీమియం ‘రికమెండెడ్’ అని ఉంటే 87తోనూ నడుస్తుంది, శక్తి కొంచెం తగ్గుతుందంతే. ‘రిక్వైర్డ్’ అని ఉంటే ఇక ఎప్పుడూ రాజీపడవద్దు.

కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది అంకెల లెక్క. భారత్‌లో, యూరప్‌లో రీసెర్చ్ పరీక్షలో వచ్చిన అంకెనే చెబుతారు. అమెరికా, కెనడా పంపుల మీద రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల సగటు వేస్తారు. అందుకే అదే పెట్రోలుకు ఇక్కడ నాలుగైదు అంకెలు తక్కువ కనిపిస్తాయి. ఇక్కడి 87 అంటే అక్కడి 91, 92కు దగ్గర. మాన్యువల్‌లో ‘95 ఆర్‌ఓఎన్’ (అంటే రీసెర్చ్ పరీక్ష అంకె) అని ఉంటే ఇక్కడి 91 సరిపోతుంది, 95 కోసం వెతకనక్కరలేదు.

రెగ్యులర్‌కు తయారైన కారులో ప్రీమియం పోయించడం శుద్ధ దండగ. ఇంజిన్ శుభ్రపడుతుందని కొందరు చెబుతారు. శుభ్రం చేసేది అందులో కలిపే డిటర్జెంట్, ఆక్టేన్ కాదు.

---

పైన జవాబు రాసిన అన్నయ్య గారు చెప్పినదానికి నేను రెండు మాటలు కలుపుతాను. కొలరాడో లాంటి ఎత్తైన ప్రాంతాల్లో రెగ్యులర్ పేరుతో 85 అమ్ముతారు. పలచని గాలిలో పాత కార్బురేటర్ బండ్లకు అది సరిపోయేది. కొత్త కారుకు, ముఖ్యంగా టర్బోకు, వద్దు.

ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం. ఈ85 అన్న పంపు కనిపిస్తే, ఆక్టేన్ ఎక్కువ కదా అని దాని జోలికి వెళ్లకండి. అందులో అధికభాగం ఇథనాల్, పెట్రోలుతోనూ ఇథనాల్ మిశ్రమంతోనూ నడిచేలా తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకే పనికొస్తుంది. నాజిల్ రంగును కూడా నమ్మకండి. చాలాచోట్ల ఆకుపచ్చ అంటే డీజిల్, కొన్ని కంపెనీల బంకుల్లో అదే రంగు పెట్రోలుకు. పంపు మీద పేరు చదివాకే చేయి వేయండి. పొరపాటున డీజిల్ పడితే తాళం తిప్పకుండా టో ట్రక్కును పిలవండి. ట్యాంకు తోడించవలసింది అప్పుడే.