ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని "కిలుం పట్టడం" అనొచ్చా?

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి బయాలజీ చెప్తానండి. సుగరు వల్ల రక్తనాళాలు ఎలా పాడవుతాయో తెలుగులో నాలుగు పేజీలు రాస్తూ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కి వాడే "ఆక్సీకరణ ఒత్తిడి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎన్నో ఏళ్లుగా సుగరున్న మా అమ్మకి చదివి వినిపిస్తే "నాకు ఒత్తిడేటి లేదు కదమ్మా, మరి కంట్లో నరాలెందుకు పాడయ్యాయి" అంది.

ఒత్తిడంటే మనకి మనసే గుర్తొస్తాది. ఇక్కడ సంగతి వేరు, గ్లూకోజు ఎక్కువైతే నాళం లోపలి పొర కణాల్లో సూపరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ అణువులు మోతాదు మించి పుట్టి, నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ని మింగేస్తాయి, నాళం బిగుసుకుపోతాది. అటక మీంచి బుడితి ఇత్తడి చెంబు దించి, అంచు కింద పచ్చగా పట్టిన కిలుం చూపించి "లోపల ఇలాంటిదేనమ్మా" అన్నాను, వేలితో గీకి చూసి "ముందే అలా చెప్పవేటి" అంది. తుప్పు అనబుద్ధి కాలేదు, తుప్పంటే ఇనుం పొరలుగా రాలిపోయి ఇక పనికిరానట్టే.

నాకు అడ్డుపడ్డ రెండో మాట నాన్ కోడింగ్ ఆర్ఎన్ఏ, అంటే డీఎన్ఏ నుంచి నకలుగా పుట్టినా ప్రోటీన్‌కి సూచన మోయని ఆర్ఎన్ఏ. "అసంకేతక" అంటే పనిలేనిదనిపిస్తోంది, నిజానికి ప్రోటీన్ తయారుచెయ్యకపోయినా పెత్తనం చేస్తాది. సుమారు ఇరవై రెండక్షరాలే ఉండే మైక్రో ఆర్ఎన్ఏ వేరే ఆర్ఎన్ఏకి అతుక్కుని ప్రోటీన్ తయారవకుండా ఆపుతాది, దాన్ని కనిపెట్టినందుకే 2024లో ఆంబ్రోస్, రువ్‌కున్‌లకి నోబెల్ వచ్చింది. నాళాల్ని కాపాడే మిఆర్-126 అనే మైక్రో ఆర్ఎన్ఏ సుగరున్నోళ్ల రక్తంలో తగ్గుతోందని 2010లోనే చూశారు. మైక్రో వాటికి "కళ్లెం ఆర్ఎన్ఏ" అంటే ఎలా ఉంటాది?

— కళ్లెం బాగుంది మేడమ్. కిలుంతోనే నాకు భయం, చింతపండుతో తోమితే పోతాది కదా, విటమిన్ బిళ్లలు మింగితే లోపలా అలాగే పోతాదనుకుంటారు మా శ్రీకాకుళం వైపు.

— నిజమేనండి, ఇది నాకు తట్టలేదు. 2000లో ఫలితాలొచ్చిన హోప్ అనే పెద్ద వైద్య పరీక్షలో, ఆక్సీకరణని అడ్డుకునే విటమిన్ ఈ ఇచ్చినా గుండెపోట్లేమీ తగ్గలేదు. అయితే "కిలుం" అని వదిలెయ్యకుండా "కిలుం పట్టడం" అనే రాస్తాను, తోమడం ఊసెత్తను, పట్టకుండా సుగరు అదుపులో పెట్టుకోడం గురించే రాస్తాను. "కళ్లెం" మీద ఇంకెవరికైనా అభ్యంతరముంటే ఈ రాత్రికే చెప్పండి, రేపు పేజీలు జిరాక్స్‌కి ఇచ్చేస్తున్నాను.