హత్యకు జైలుశిక్షతో బాకీ తీరుతుందా?

ప్రశ్న – పల్లెటూరి పాఠకురాలు

పొలం గట్టు తగాదాలో మా పెదనాన్నను నరికిన వ్యక్తి పదిహేనేళ్లకు పైగా జీవిత ఖైదు అనుభవించి, సత్ప్రవర్తన కింద విడుదలై, మళ్లీ మా ఊళ్లోనే ఉంటున్నాడు. పోయిన నెల రేషన్ షాపు దగ్గర వరుసలో మా పెద్దమ్మ కనిపించగానే సంచి కింద పెట్టి, చేతులు జోడించి, "అక్కా, నా శిక్ష నేను అనుభవించాను" అన్నాడట. ఆవిడ బియ్యం తీసుకోకుండానే ఇంటికి వచ్చేసింది. శిక్ష పూర్తయితే హత్యకు ప్రాయశ్చిత్తం జరిగినట్టేనా? పోనీ, మరొకరు అలాంటి పనికి తెగించకుండానైనా అది ఆపుతోందా? ఉరి వేసి ఉండాల్సిందని మా అన్నయ్య అంటాడు.

జవాబు – క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది

మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబిస్తాను. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సును దోచుకోబోయిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించగా 23 మంది కాలిపోయారు. వారికి పడిన ఉరిని సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరితీతకు గంటల ముందు అది ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. హత్యకు ఉరి పడవచ్చని చట్టంలో అప్పటికే ఉన్నా, అగ్గిపుల్ల గీసే చేతిని అది ఆపలేదు. యావజ్జీవం కంటే ఉరి ఎక్కువగా భయపెడుతుందనడానికి ఆధారం లేదని 2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో చెప్పింది.

నా అనుభవంలో మనిషిని ఆపేది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, అది తప్పకుండా పడుతుందన్న నమ్మకం. ఒక కేసులో హత్యను కళ్లారా చూసి పోలీసులకు వాంగ్మూలం ఇచ్చిన రైతు, ఆరేళ్ల తర్వాత బోనులో నిలబడి, బొటనవేలితో బోను కర్రను రుద్దుతూ, "ఆ రోజు నేను సంతకు పోయాను, ఏమీ చూడలేదు" అన్నాడు. ముద్దాయిలు ఉన్న ఊళ్లోనే అతనూ బతకాలి కదా. సాక్షులు అడ్డం తిరిగి కేసు కొట్టేసిన ప్రతిసారీ, చంపినా ఏమీ కాదన్న పాఠాన్ని ఆ ఊరు నేర్చుకుంటుంది.

జవాబు – విశ్రాంత తెలుగు పండితుడు

కిష్కింధాకాండలో రాముడు వాలికి మనువు మాటే చెబుతాడు: పాపం చేసినవారు రాజు విధించిన దండనతో నిర్మలులై, పుణ్యాత్ముల్లాగే స్వర్గానికి వెళతారని. అయితే అక్కడ తేలేది పాపం చేసినవాడి లెక్క మాత్రమే. చచ్చిపోయినవాడి భార్యాబిడ్డలకు చెల్లవలసిన రుణం గురించి ఆ శ్లోకంలో ఏమీ లేదు. అయినా శిక్ష అక్కరలేదని నేను అనను. అది చంపినవాడి చేతినే కాదు, చనిపోయినవాడి కొడుకు చేతిని కూడా ఆపుతుంది. ప్రభుత్వం శిక్షిస్తుందన్న భరోసా లేని ఫ్యాక్షన్ పల్లెల్లో, తండ్రి పగ తీర్చడమే తన ధర్మమనుకుంటూ పిల్లవాడు పెరుగుతాడు. మీ అన్నయ్య కత్తి పట్టకుండా కోర్టు తీర్పు కోసం ఎదురుచూశాడంటే, ఆ శిక్ష చేసిన మేలు చిన్నది కాదు.

జవాబు – ఒక జీవిత ఖైదీ చెల్లెలు

అన్నయ్య జైల్లో పనిచేసి సంపాదించిన కూలి డబ్బును మా అమ్మకు పంపుతాడు. తాను చంపిన మనిషి ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారని అతనికి తెలుసు. ఇన్నేళ్లలో ఏ అధికారీ, ఏ న్యాయమూర్తీ, మేము కూడా, వాళ్లకు నువ్వేం చేస్తావని అతన్ని అడగలేదు. మొన్నటి ములాఖత్‌లో మొదటిసారి నేను అడిగాను. చాలాసేపు తల దించుకుని కూర్చుని, ఉత్తరం రాస్తే వాళ్లు చదువుతారా అని నన్నే తిరిగి అడిగాడు.

ప్రశ్న అడిగిన పాఠకురాలు

చెల్లెలిగారి జవాబును పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపటికి, "వీడు తన శిక్ష సంగతే చెప్పాడు గాని, మీ పెదనాన్న పేరు ఎత్తలేదే" అంది. వచ్చే నెల బియ్యానికి తానే వెళ్తానంటోంది. తోడుగా నేనూ వెళ్తున్నాను.