ఆంప్లిఫయర్ సప్లై ఒక వైపు 23, ఇంకో వైపు 45 వస్తోంది, అర్జెంట్

మండపం మైక్:
పొద్దున పదింటి నుంచి దీని ముందే కూర్చున్నా. స్టీరియో ఆంప్లిఫయర్‌లో ప్లస్, మైనస్ సమానంగా రావాలి కదా, ప్లస్ 23, మైనస్ 45 వోల్టులు చూపిస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్లు నాలుగూ మార్చా, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి మార్చా, డబ్బులు పోయాయి గానీ తేడా లేదు. రేపు సాయంత్రం చవితి మండపంలో పెట్టాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సోల్డర్ పొగ:
ట్రాన్స్‌ఫార్మర్ ఎంత?

మండపం మైక్:
మామూలుదే అన్నా, 24-0-24, 5 ఆంప్స్. దాని వైర్లు విప్పి ఏసీ చూశా, ఎర్త్ నుంచి రెండు వైపులా 24 కరెక్టుగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది.

పాత రేడియో:
ఏ ఎర్త్ తమ్ముడూ? ఎర్త్ అంటే గోడ సాకెట్‌లో పైనుండే పెద్ద పిన్ను. ట్రాన్స్‌ఫార్మర్ నడిమి తీగని సెంటర్ ట్యాప్ అనాలి. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, అసలు ఎర్త్‌కి వెళ్ళే మూడో తీగ వేయకుండా పెట్టె బిగించేస్తున్నారు. మండపం అంటే తడి నేల, ఇనుప పైపులు, చిన్నపిల్లలు మైకు పట్టుకుంటారు. ముందు క్యాబినెట్‌కి మూడో తీగ వెయ్యి. నీకు మూడు పిన్నుల ప్లగ్గే ఉందా?

రాగి తీగ:
మా దగ్గర అందరం ఎర్త్ అనే అంటాం సార్, అర్థమైతే చాలు కదా. బ్రదర్, ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూడు. తేలిగ్గా ఉంటే అల్యూమినియం చుట్టి ఉంటారు, దానికి మామూలు టంకం అతకదు. కొన చాకుతో గీకితే తెల్లగా మెరుస్తుంది.

పాత రేడియో:
షాక్ కొట్టాక అర్థమైతే ఏం లాభం?

సోల్డర్ పొగ:
23, 45 కలిపితే 68. ఏసీ 24 డీసీగా మారితే 1.414 రెట్లు, అంటే 34, రెండు వైపులా కలిపి అదీ 68. మొత్తం తగ్గలేదు, నడిమి సున్నా జారింది. ప్లస్ వైపు మాత్రమే కరెంటు లాగేది ఏదైనా ఉందా?

మండపం మైక్:
కూలింగ్ ఫ్యాన్ ఉంది, ప్లస్ నుంచి 7812 (12 వోల్టుల రెగ్యులేటర్) ద్వారా. ఎప్పుడూ ఉండేదే కదా అని చెప్పలేదు.

సోల్డర్ పొగ:
అదే. ఫ్యాన్ కరెంటు సెంటర్ ట్యాప్ గుండానే వెనక్కి రావాలి. అక్కడ డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టంకం ఉంటే ప్లస్ కుంగుతుంది, మైనస్ లేస్తుంది. మీటరు దాదాపు ఏమీ లాగదు కాబట్టి ఉత్తిగా 24, 24 చూపిస్తుంది. వైర్లు విప్పే ఉంచి, లారీ ఇండికేటర్ బల్బు, 24 వోల్టులు 21 వాట్లది, సెంటర్ ట్యాప్‌కీ ఒక చివరకీ మధ్య పెట్టు. తర్వాత రెండో చివర. రెండు వైపులా మసకగా వెలిగితే నడిమి అతుకే. అతుకు ముట్టుకునే ముందు మెయిన్ ప్లగ్గు పీకు.

మండపం మైక్:
రెండు వైపులా మసకే అన్నా. స్లీవ్ లాగి చూస్తే రెండు కొనలు మెలిపెట్టి, తీగ మీది ఎనామిల్ పూత గీకకుండానే టంకం పోశారు. గోరు తగిలితే ఆ ఉండ గిర్రున తిరుగుతోంది. తీగ రాగిదే. గీకి మళ్ళీ అతికా. 34, 34. థాంక్స్ అన్నా, బాక్సులు ఎక్కిస్తున్నా.

పాత రేడియో:
మూడో పిన్ను సంగతి చెప్పలేదు తమ్ముడూ.