మ్యాచ్‌కు డీజే పెట్టాలా, పలకలు (డప్పులు) కొట్టించాలా?

కార్నర్ జెండా (తిరుపతి):
పోయిన ఆదివారం ఇక్కడే ఒక కాలేజీ గ్రౌండ్‌లో ఫైనల్ ఆడాం. చూడ్డానికి రెండొందల యాభై మంది దాకా వచ్చారు. మన ఊళ్ళో ఫుట్‌బాల్‌కు అది జనమే. "కొచ్చిలాగా హోరెత్తిపోవాలి" అని నిర్వాహకులు సౌండ్ సర్వీస్ వాళ్ళను పిలిపించి నాలుగు పెద్ద బాక్సులు పెట్టించారు. బంతి బయటికి పోతే ఒక పాట, కార్నర్ వస్తే ఇంకో పాట, నడుమ నడుమ ఎక్కడిదో విదేశీ స్టేడియం గోల.

రెండో సగంలో అవతలివాళ్ళకు పెనాల్టీ దొరికింది. టెన్షన్ పెంచుదామని డీజే తమ్ముడు ఒక బీటు అందుకున్నాడు. మా కీపర్ కుడివైపు దూకి, వేళ్ళ కొసలతో బంతిని పోల్ పక్కకు నెట్టేశాడు. లేచి, మోచేతికి అంటిన మట్టి కూడా దులుపుకోకుండా మా వైపు చూశాడు. మేం గొంతులు చించుకున్నాం. పక్కవాడి నోరు తెరుచుకోవడం కనిపించింది గానీ అరుపు నాకే వినపడలేదు. కీపర్ రెండు క్షణాలు చూసి, తల వంచుకుని మళ్ళీ గోల్‌లోకి వెళ్ళిపోయాడు.

వచ్చే నెల టోర్నీ మా క్లబ్బే నడుపుతోంది. బాక్సులు వద్దని నేనంటున్నాను. కమిటీలో ముగ్గురు కావాలంటున్నారు, ఇద్దరు ఎటూ తేల్చడం లేదు. మీరేమంటారు?

బాక్సుల బాబు (రేణిగుంట):
ముందే చెప్తున్నా, నాది సౌండ్ సర్వీసే. ఆ మ్యాచ్‌కు పెట్టింది మాత్రం నేను కాదు, ఏడుకొండలవాడి మీద ఒట్టు. అన్నా, మీకు కోపం వచ్చినా సరే ఒక మాట. మైకు మోగకపోతే ఆ రెండొందల యాభైలో ఎనభై మంది కూడా రారు. రోడ్డున పోయేవాడు పాట వినపడితేనే బండి ఆపి గోడ మీంచి తొంగి చూస్తాడు. పిల్లలు డాన్సు వేయడానికి వస్తారు, వాళ్ళ వెనక అమ్మానాన్నలు వస్తారు. 2020లో కరోనా అప్పుడు ఖాళీ స్టేడియాల్లో ప్రీమియర్ లీగ్ ఆడితే టీవీలో వినిపించిన అరుపులు ఒక వీడియో గేమ్ కోసం రికార్డు చేసి పెట్టుకున్నవే కదా. అంత పెద్దోళ్ళకు లేని నామోషీ మనకెందుకు?

కార్నర్ జెండా:
తమ్ముడూ, అప్పుడు స్టేడియంలో మనుషులే లేరు. అదీ టీవీ చూసేవాళ్ళకు, కావాలంటే పెట్టుకో, వద్దంటే తీసెయ్ అని ఇచ్చారు. మనుషులు వచ్చి కూర్చున్నాక వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఎవరూ పెట్టలేదు.

కొచ్చి రిటర్న్ (పుత్తూరు):
నేను కొచ్చిలో మూడేళ్ళు ఉద్యోగం చేశాను. కేరళ బ్లాస్టర్స్ అభిమానుల గుంపు మంజప్పడ మధ్యలో నిలబడి మ్యాచ్‌లు చూశాను. వాళ్ళ దగ్గర ఉండేది డోలు, నోరు, పసుపు చొక్కా. ఒకడు ఆటకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి చేతులూపుతూ ఉంటాడు. వాడు ఆ రోజు గోల్ కూడా చూడడు, జనం మొహాల్లోనే చూసుకోవాలి. నాకు మలయాళం రాకపోయినా పది నిమిషాల్లో పాట నోటికొచ్చేసింది.

కానీ అరుపు వల్ల మ్యాచ్ గెలుస్తారని మాత్రం అనుకోకండి. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌కూ హైదరాబాద్‌కూ. స్టేడియంలో ఎక్కువమంది కేరళ వాళ్ళే. పెనాల్టీల్లో గెలిచింది హైదరాబాద్. వాళ్ళ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. అంత హోరూ ఒక్కసారిగా ఆగిపోయింది.

పాత బూటు (చిత్తూరు):
హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో స్టేడియం మొత్తం ఇండియాకు వ్యతిరేకంగా గోల చేసింది. అక్కడి గొడవ వేరే, ఫుట్‌బాల్‌తో సంబంధం లేనిది. అయినా కోచ్ రహీమ్ సాబ్ టీమ్ దక్షిణ కొరియాను 2-1తో కొట్టి బంగారం తెచ్చింది. ఆయన మన హైదరాబాదీయే. ఈ తరం పిల్లలకు ఆ పేరే తెలియదు. సరే, మీ గొడవ మీరు కానివ్వండి.

ఈల మాస్టర్ (తిరుపతి):
ఇరవై ఏళ్ళుగా రిఫరీగా చేస్తున్నాను. అరుపు ఆటగాళ్ళ మీద పనిచేస్తుందో లేదో గానీ రిఫరీ మీద మాత్రం పనిచేస్తుంది. 2002లో ఇంగ్లండ్‌లో 40 మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని ట్యాకిల్స్ వీడియోలో చూపించారు. కొందరికి జనం అరుపులతో, మిగతావాళ్ళకు శబ్దం లేకుండా. అరుపులు విన్నవాళ్ళు సొంత గ్రౌండ్‌లో ఆడే టీమ్ మీద దాదాపు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. అది చదివిన రోజు రాత్రి నేనిచ్చిన పాత నిర్ణయాలు కొన్ని గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

నా మనవి ఒకటే. డీజే పెట్టుకోండి, పలకలు పెట్టుకోండి, ఈలలూ పీపీలూ మాత్రం వద్దు. ప్రేక్షకుడి ఈల ఆటకు అడ్డమొచ్చిందని రిఫరీ అనుకుంటే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలి (బంతిని కింద వదిలి ఆట మళ్ళీ మొదలెట్టాలి), రూల్ పుస్తకంలోనే ఉంది. ఒకసారి గోడ మీద కూర్చున్న పిల్లాడు ఈల వేస్తే నేనే అనుకుని డిఫెండర్లు ఆగిపోయారు. ఫార్వర్డ్ ఆగలేదు. ఆ సాయంత్రం నేను బయటపడేసరికి చీకటి పడింది.

లెక్కల లెక్చరర్ (చంద్రగిరి):
మీరంతా ఏం మోగించాలి అని కొట్టుకుంటున్నారు. జనం ఎక్కడ కూర్చున్నారో ఎవరూ అడగలేదు. ఆ ఫైనల్‌కు నేనూ వచ్చాను. రెండొందల యాభై మంది 400 మీటర్ల ట్రాక్ చుట్టూ, చెట్టు నీడ దొరికినచోటల్లా పదిమంది చొప్పున చెదిరి ఉన్నారు.

బయలు గ్రౌండ్‌లో అరిచేవాళ్ళు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. దూరం సగమైతే పెరిగేది 6. అంటే ఇంకో రెండొందల యాభై మందిని వెతికి తేవడం కంటే, ఉన్నవాళ్ళను ట్రాక్ దాటించి లైను దగ్గరికి జరపడం మేలు, ఖర్చూ లేదు. ఇంకోటి, శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఈ గోల్ వెనక కొట్టిన చప్పట్లు 100 మీటర్ల అవతలి గోల్ వెనకున్నవాడికి చేరేసరికి సుమారు 0.3 సెకను ఆలస్యం. సెకనుకు రెండు చప్పట్లు కొడుతుంటే రెండు గుంపులూ ఎప్పటికీ కలవవు, గందరగోళమే. అందుకే అందరూ ఒకేచోట ఉండాలి. జర్మనీలోని డార్ట్‌మండ్ స్టేడియంలో దక్షిణం వైపు గ్యాలరీలో సుమారు 25 వేల మంది ఒకే గుంపుగా నిలబడతారు, పైన కప్పు ఉంటుంది.

మనకు కప్పు ఎక్కడిది అంటారా? షామియానా వేయకండి, గుడ్డ శబ్దాన్ని తిప్పి కొట్టదు. ఆ గ్రౌండ్‌లో ఉత్తరం గోల్ వెనక సైకిల్ స్టాండు రేకుల షెడ్డు ఉంది. దాని కింద నిలబెట్టండి. రేకు శబ్దాన్ని తిప్పి కొడుతుంది.

బాక్సుల బాబు:
సార్, రేకుల షెడ్డు మాట నిజం. పెళ్ళిళ్ళలో రేకుల కింద బాక్సు పెడితే సగం వాల్యూమే చాలు, అనుభవం మీద చెప్తున్నా.

భజన గురువు కొడుకు (పాకాల):
మా నాయన చెక్క భజన నేర్పిస్తాడు. నలభై మంది, చేతిలో చెక్కలు, మైకు ఉండదు. అయినా పక్క ఊరికి వినపడుతుంది. కిటుకు ఏందంటే, గురువు ఒక చరణం అంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. మొదట నిదానం, తర్వాత జోరు. ఎవరు ఎప్పుడు నోరు తెరవాలో అందరికీ తెలుసు. 2016 యూరోలో ఐస్‌లాండ్ వాళ్ళు చేసిన చప్పట్లు చూశారు కదా, నిదానంగా మొదలై జోరందుకునేది. మా నాయనకు ఫోన్‌లో చూపిస్తే "ఇది మనదే కదరా" అన్నాడు. తిరుపతీ చుట్టుపక్కలా కలిపితే ఆ దేశం మొత్తం కంటే ఎక్కువ జనం ఉంటాం.

అలిపిరి మెట్ల మీద చూడండి, ముందు ఒకరు కేక వేస్తే వెనక రెండొందల మంది "గోవిందా" అంటారు. ఎవరూ నేర్పలేదు. మన గ్రౌండ్‌లో అదే పెడితే పోదా?

పాత బూటు:
వద్దు నాయనా. నడిచి ఎక్కేవాడు కష్టం మరిచిపోవడానికి పిలిచే పేరది, ఆఫ్‌సైడ్ గోల్‌కు పిలిచేది కాదు. పైగా మన టీముల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. మా రోజుల్లో లెఫ్ట్ వింగ్ ఆడిన కుర్రాడు శుక్రవారం నమాజు చేసుకుని నేరుగా ప్రాక్టీసుకు వచ్చేవాడు. పద్ధతి తీసుకోండి, పేరు వదిలేయండి.

భజన గురువు కొడుకు:
అదీ నిజమే పెద్దాయనా.

పన్నెండో నంబరు (పీలేరు):
నేను అమ్మాయిల టీమ్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. అన్నలందరూ శబ్దం పెరగాలంటున్నారు, మా మ్యాచ్‌లకు శబ్దం బాగానే ఉంటుంది! "జడ పట్టుకో రా" అని ఒకడు, నా షార్ట్స్ మీద ఇంకొకడు. త్రో వేయడానికి లైను దగ్గరికి వెళ్ళాలంటే భయం. అట్లాంటి అట్మాస్ఫియర్ ఇంకా పెరిగితే మా అమ్మ నన్ను పంపదు.

గొడ్డుచాకిరీ (తిరుపతి):
గంగమ్మ జాతరలో బూతులు తిట్టడం మన ఊరి ఆచారమే కదమ్మా. సరదాగా తీసుకోవాలి.

పన్నెండో నంబరు:
జాతరలో వేషం వేసుకున్నవాళ్ళు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తిడతారన్నా, పెద్దా చిన్నా లేదు. మీరు తిట్టింది ఒక్క పన్నెండో నంబరునే. వేషం కూడా వేసుకోలేదు.

కార్నర్ జెండా:
చెల్లెమ్మా, మా టోర్నీలో అమ్మాయిల మ్యాచ్ కూడా ఉంది. బూతు కూసినవాణ్ణి బయటికి పంపే బాధ్యత నాది. ఇంకేం చేస్తే బాగుంటుందో చెప్పు.

పన్నెండో నంబరు:
పేర్లు చెప్పండన్నా. జనానికి మేం ఎవరో తెలియదు, నంబర్లే. తెలియనివాళ్ళను చూసి ఏమని అరుస్తారు? ఆట మొదలవకముందు మైకులో ఒక్కొక్కరి పేరు, ఏ ఊరు, ఏం చదువుతోంది అని చెప్పించండి. పోయినేడాది ఒక మ్యాచ్‌లో ఎవరో మా ఊరి పేరు పెట్టి, "పీలేరూ, కొట్టు" అని అరిచారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. నలభై గజాల నుంచి కొట్టేశాను, బంతి ఎక్కడికో పోయింది, అది వేరే సంగతి.

బాక్సుల బాబు:
పేర్లు చదవడానికి ఒక్క బాక్సు చాలు. బాడుగ వద్దు, వైరు ఖర్చు ఇస్తే వస్తా. హాఫ్ టైమ్‌లో రెండు పాటలు వేసుకోనివ్వండి, అంతే.

లెక్కల లెక్చరర్:
గ్రౌండ్ కాలేజీది, అది గుర్తుంచుకోండి. విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించి ఉండొచ్చు. మైకు పెట్టాలంటే ముందు ఆ సంగతి ప్రిన్సిపాల్‌తోనూ పోలీసులతోనూ మాట్లాడుకోవాలి.

పలకల పోరడు (చిత్తూరు):
మాది పలకలు కొట్టే ఇల్లు. జాతరకూ పెళ్ళికీ పోతాం, మీ బాక్సుల బాడుగలో సగానికే ఇద్దరం వస్తాం. కానీ ముందే అడుగుతున్నా. పోయినసారి ఒకచోట ఆటకు పిలిచి, మేం వచ్చాక "ఇవి చావుకు కొట్టేవి, వద్దు" అని ఒక పెద్దమనిషి తిప్పి పంపించాడు. బస్సు చార్జీ కూడా ఇవ్వలేదు. మీ కమిటీలో అట్లాంటివాళ్ళు ఉంటే ఇప్పుడే చెప్పండి.

కార్నర్ జెండా:
ఒకాయన ఉన్నాడు. నిన్న మీటింగులో అదే అన్నాడు. గంగమ్మ ముందు కొడితే లేని మైల గోల్ ముందు కొడితే ఎట్లా వస్తుందని అడిగాను, లేచి వెళ్ళిపోయాడు. మిగతా అందరూ సరే అన్నారు. మీరు రండి. చార్జీలు ముందే పంపిస్తాం, మా మధ్యలోనే భోజనం.

ఈల మాస్టర్:
పెనాల్టీ కొట్టేటప్పుడు మాత్రం ఆపమని చెప్పండి. కొట్టేవాడికి నా ఈల వినపడాలి.

పలకల పోరడు:
ఆపుతాం సార్. మీరు చెయ్యెత్తితే చాలు. కానీ సాయంత్రం మంచు పడితే తోలు మెత్తబడి మోగదు, మంటకు కాచుకోవాలి. గ్రౌండ్‌లో మంట వేసుకోనిస్తారా?

కార్నర్ జెండా:
గడ్డి మీదంటే వాచ్‌మన్ ఒప్పుకోడు.

బాక్సుల బాబు:
మా ఇంట్లో సిమెంటు కలిపే ఇనప తట్ట ఉంది. దాంట్లో వేద్దాం. సైకిల్ స్టాండు పక్కన ఇటుకల మీద పెడితే ఏం కాదు, నేను పట్టుకొస్తా.